బేరియం చుక్కలకు తెల్లబడని నీరు: ఒక ఆకుకూరల తోటలో గంధకం లోపం

హోటలు వంటగది నుంచి వచ్చిన కబురు ఒక్క వాక్యం: అరుగులాలో ఘాటు లేదు. అరుగులా ఆవాల కుటుంబపు ఆకు. పచ్చిగా నమిలితే కొత్త ఆవపిండిలా ముక్కుకు ఎక్కాలి. ఎక్కడం లేదని, ఉత్త గడ్డి నమిలినట్టుందని వాళ్లు మూడు వారాలుగా చెబుతున్నారట. తోట యజమాని ఆ మాటను పట్టించుకోలేదు. ఆకులు పసుపెక్కడం మొదలయ్యాకే నాకు ఫోను చేశారు.

బెంగళూరులో మొక్కల పోషణ మీద సలహాలు ఇవ్వడం నా వృత్తి. యలహంక దాటి దొడ్డబళ్లాపుర వెళ్లే దారిలో మట్టి లేకుండా నీటిలో ఆకుకూరలు పెంచే తోటలు కొన్ని ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి. యజమానిది హిందూపురం వైపు రైతు కుటుంబం. పనివాళ్లలో సగం మంది చింతామణి, గౌరిబిదనూరు ప్రాంతాల తెలుగువాళ్లు. పాలీహౌస్ కింద వాలుగా పరిచిన గొట్టాల్లో పలుచని పోషక ద్రావణం పారుతూ ఉంటుంది. లెట్యూస్, కేల్, అరుగులా వేర్లు ఆ నీటిలోనే ఉంటాయి. మట్టి లేదు కాబట్టి మొక్కకు అందేదల్లా మనం తొట్టిలో కలిపిందే. మట్టిలో సాగు చేసే రైతుకు నేల కొన్ని తప్పులను కప్పిపుచ్చుతుంది. ఇక్కడ ఆ అవకాశం ఉండదు.

వెళ్లిన రోజు నేను చూసింది ఇది. లెట్యూస్ నడిమధ్య ఉన్న లేత ఆకులు నిమ్మపండు రంగులో ఉన్నాయి. కింది ముదురు ఆకులు మాత్రం బాగా పచ్చగా ఉన్నాయి. ఆ ఒక్క విషయంతోనే నత్రజని లోపం పక్కకు పోవాలి. నత్రజని తక్కువైతే మొక్క ముదురు ఆకులోని ప్రోటీన్లను విరగ్గొట్టి లేత ఆకుకు పంపుతుంది కాబట్టి పసుపు కింది నుంచి పైకి ఎక్కుతుంది. యజమాని అది గమనించకుండా, పసుపు కనిపించగానే నత్రజని ఇచ్చే కాల్షియం నైట్రేటు మోతాదు పెంచారు. రెండు వారాలైనా రంగు మారలేదు.

నా మొదటి అంచనా కూడా తప్పింది. అరుగులా లేత ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా కనిపించింది. పుస్తకంలో అచ్చు వేసినట్టున్న ఇనుపధాతు లోపం. నీటి పీహెచ్ 6.0 ఉన్నా, ఇనుము కీలేట్, అంటే ఇనుము నీటిలో కరిగే ఉండేలా పట్టి ఉంచే ఎరువు, పాతబడి ఉంటుందని అనుకుని కొత్తది కలపమన్నాను. పది రోజులు పోయాయి, ఫలితం లేదు. ఆవాల కుటుంబంలో గంధకం లోపం వచ్చినప్పుడు కూడా మొదట్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. అదే తొట్టి నీరు తాగుతున్న లెట్యూస్‌లో ఈనెలతో సహా ఆకు మొత్తం ఒకే రంగుకు తిరిగింది. ఇనుము తక్కువైతే మొదట్లో అలా జరగదు. కేల్ లేత ఆకులు గరిటెలా లోపలికి ముడుచుకుని, అడుగున ఊదారంగు పట్టి ఉన్నాయి. మూడు పంటలను పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఆ పది రోజులు కలిసివచ్చేవి. అప్పటి నుంచి ఒక్క పంటను చూసి లోపం పేరు రాయడం మానేశాను.

రెండోసారి వెళ్లినప్పుడు ఆకులను పక్కన పెట్టి చరిత్ర అడిగాను. ఎరువుల గది చూసుకునే ఆమె చెప్పిన మాట కీలకమైంది. "నారు తట్టల్లో ఉన్నంతవరకు బాగానే ఉంటుంది మేడం. గొట్టాల్లోకి మార్చిన పది పన్నెండు రోజులకు పాలిపోతుంది" అన్నది. నారుకు ఏ నీరు పోస్తారని అడిగితే బోరు నీరు అని చెప్పింది. గొట్టాలకు మాత్రం ఆర్ఓ నీరు. బోరు నీటిలో సున్నం ఎక్కువై గొట్టాలకు తెల్లని పొర పడుతోందని డిసెంబరులో ఆర్ఓ యంత్రం పెట్టించారు.

తర్వాత ఎరువుల పుస్తకం తెరిచాం. జనవరిలో ఒక మార్పు ఉంది. మెగ్నీషియం సల్ఫేటు, అంటే మన ఇళ్లలో భేది ఉప్పు అనేది, ఆపేసి మెగ్నీషియం నైట్రేటు వాడుతున్నారు. ఎందుకని అడిగాను. చిక్కటి ద్రావణం కలిపే డ్రమ్ములో కాల్షియం నైట్రేటును, మెగ్నీషియం సల్ఫేటును ఒకేసారి పోస్తే అడుగున తెల్లని మడ్డి దిగుతోంది, ఫిల్టర్లు మూసుకుపోతున్నాయి. ఎరువుల దుకాణంలో అడిగితే నైట్రేటు ఇచ్చారు. మడ్డి ఆగిపోయింది, అందరూ సంతోషించారు.

ఆ మడ్డి జిప్సం. కాల్షియం, సల్ఫేటు కలిస్తే ఏర్పడేది అదే. లీటరు నీటిలో అది రెండు గ్రాములకు కాస్త పైన మాత్రమే కరుగుతుంది. పలుచని ద్రావణంలో ఇబ్బంది ఉండదు కానీ, నూరు రెట్లు చిక్కగా కలిపే డ్రమ్ములో దిగక మానదు. అందుకే ఈ సాగులో రెండు డ్రమ్ములు వేరువేరుగా ఉంచుతారు. ఇక్కడ చోటు చాలదని ఒకటే పెట్టారు.

మార్పు ఎవరి కంటికీ ఆనకపోవడానికి తూకమే కారణం. వెయ్యి లీటర్లకు 246 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు వేస్తే 24 గ్రాముల మెగ్నీషియం వస్తుంది. 256 గ్రాముల మెగ్నీషియం నైట్రేటు వేసినా అదే 24 గ్రాములు వస్తుంది. పది గ్రాముల తేడా. ఈసీ మీటరు ముందూ తర్వాతా 1.6 దగ్గరే చూపించింది. ఆ మీటరు నీటిలో మొత్తం లవణం ఎంతో చెబుతుంది గానీ అందులో ఏమున్నాయో చెప్పలేదు. సల్ఫేటుతో పాటు వచ్చే 32 గ్రాముల గంధకం పోయింది, దాని స్థానంలో 28 గ్రాముల నత్రజని అదనంగా వచ్చింది.

గంధకం వచ్చే మిగతా దారులన్నీ కూడా ఒక్కొక్కటిగా మూసుకుపోయి ఉన్నాయి. పొటాష్ నైట్రేటు రూపంలో వస్తోంది. భాస్వరం మోనో పొటాషియం ఫాస్ఫేటు నుంచి. సూక్ష్మధాతువుల్లో ఏదీ సల్ఫేటు కాదు, ఎక్కువ భాగం కీలేట్లు. పీహెచ్ తగ్గించడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం. బోరు నీటిలో ఎంతో కొంత సల్ఫేటు ఉండేది, ఆర్ఓ దాన్ని తీసేసింది. డిసెంబరు మార్పు ఒక్కటే అయితే భేది ఉప్పు ఆదుకునేది. జనవరి మార్పు ఒక్కటే అయితే బోరు నీరు కొంతకాలం నెట్టుకొచ్చేది. రెండూ కలిసి మొక్కకు గంధకం లేకుండా చేశాయి.

అనుమానం ఎంత బలంగా ఉన్నా చూపించాలి. సంచిలో ఎప్పుడూ ఉండే సీసాలు రెండు తీశాను, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బేరియం క్లోరైడు ద్రావణం. నీటిలో సల్ఫేటు ఉంటే బేరియం దానితో కలిసి కరగని తెల్లని పొడి అవుతుంది. బేరియం క్లోరైడు విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టను, తోటలో ఎవరి చేతికీ ఇవ్వను. మూడు గాజు గొట్టాల్లో మూడు నీళ్లు పోశాను. ఒకటి బోరు నీరు, ఒకటి ఆర్ఓ నీటిలో చిటికెడు భేది ఉప్పు కరిగించింది, మూడోది తొట్టిలోని పోషక ద్రావణం. ముందు ఆమ్లం వేయాలి, లేకపోతే ఫాస్ఫేటు, కార్బొనేటు కూడా మసక తెచ్చి మోసం చేస్తాయి. తర్వాత బేరియం చుక్కలు వేశాను. భేది ఉప్పు గొట్టం చుక్క పడిన చోటే పాలు ఒలికినట్టు తెల్లబడింది. బోరు నీరు కాస్త ఆగి, బియ్యం కడిగిన నీళ్లలా మసకబారింది. మూడో గొట్టం వెనక చేతి వేలు పెడితే వేలి గీతలు కనిపిస్తున్నాయి. అయిదు నిమిషాలు ఆగినా అవి కనిపిస్తూనే ఉన్నాయి.

యజమాని ఆ గొట్టాన్ని చాలాసేపు చూసి, "మెగ్నీషియం ఇస్తూనే ఉన్నాం కదమ్మా. ఆకుపచ్చకు కావలసింది అదే అని నువ్వే చెప్పావు" అన్నారు.

ఆయన తప్పు పట్టలేదు, నిజంగానే అడిగారు. పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది, చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. గంధకం ఒక్కటి కూడా ఉండదు. మరి గంధకం లేకపోతే ఆకు ఎందుకు పాలిపోతుంది? ఈ కేసులో ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఎరువుల పెట్టె దగ్గర కూర్చుని ఆయనకు చెప్పినంత వివరంగా ఇక్కడా చెబుతాను.

వేరు గంధకాన్ని సల్ఫేటుగానే తీసుకుంటుంది. సల్ఫేటులో గంధకం చుట్టూ నాలుగు ఆక్సిజన్లు బిగిసి ఉంటాయి. ఆ రూపంలో అది ప్రోటీన్‌కు పనికిరాదు. ఆక్సిజన్లను ఊడదీసి, గంధకానికి ఎనిమిది ఎలక్ట్రాన్లు అందించాలి. ఆ పని జరిగేది ముఖ్యంగా ఆకులోని హరితరేణువుల్లో. ముందుగా ఒక ఎంజైమ్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి సల్ఫేటును కదిలిస్తుంది. దాని పేరు ఏటీపీ సల్ఫ్యూరిలేజ్, అది తయారు చేసేది ఏపీఎస్. తర్వాత ఏపీఎస్ రిడక్టేజ్ గ్లుటాథయోన్ అనే చిన్న అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని దాన్ని సల్ఫైటుగా మారుస్తుంది. అక్కడి నుంచి సల్ఫైట్ రిడక్టేజ్ ఒకేచోట ఆరు ఎలక్ట్రాన్లు పోసి సల్ఫైడుగా మారుస్తుంది. ఆ ఆరూ ఫెర్రిడాక్సిన్ అనే ఎలక్ట్రాన్లు మోసే ప్రోటీన్ నుంచి వస్తాయి. ఫెర్రిడాక్సిన్‌కు అవి ఇచ్చేది సూర్యకాంతి. చివరికి సల్ఫైడు ఎసిటైల్ సెరైన్ మీద చేరి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం అవుతుంది. మొక్కలో గంధకం ఉన్న దాదాపు ప్రతి పదార్థానికీ ఈ సిస్టీన్ గానీ, పక్కదారిలో తయారయ్యే సల్ఫేటు రూపం గానీ మూలం. రెండో, మూడో మెట్లలోని ఎంజైములు మొక్కలో హరితరేణువుల్లోనూ, వేర్లలో వాటికి తోబుట్టువులైన ప్లాస్టిడ్లలోనూ తప్ప మరెక్కడా ఉండవు. అందుకే ఈ పని పగలు చురుకుగా, రాత్రి మందంగా సాగుతుంది.

ఇప్పుడు ఆ సిస్టీన్‌తో హరితరేణువు ఏం చేసుకుంటుందో చూడాలి. కాంతి పట్టే రెండు వ్యవస్థల్లో ఒకటైన ఫోటోసిస్టమ్-1 లోపల ఇనుము-గంధకం గుత్తులు మూడు ఉంటాయి. ఒక్కో గుత్తిలో నాలుగు ఇనుములు, నాలుగు గంధకాలు. ఎలక్ట్రాన్ అందుకునే ఫెర్రిడాక్సిన్‌లో రెండు ఇనుములు, రెండు గంధకాలు. ఈ గంధకమంతా సిస్టీన్ నుంచి తీసిందే. అంటే సల్ఫేటును సల్ఫైడుగా మార్చే ఎలక్ట్రాన్‌ను ఇచ్చే యంత్రమే గంధకంతో కట్టినది. గంధకం తగ్గితే యంత్రం తగ్గుతుంది, యంత్రం తగ్గితే గంధకం పని మరింత మందగిస్తుంది. పత్రహరితం విడిగా నిలవదు, ప్రోటీన్ల ఒడిలో కూర్చుంటుంది. ఆ ప్రోటీన్లకు సిస్టీన్, మెథియోనిన్ కావాలి. అవి లేనప్పుడు పత్రహరితాన్ని తయారు చేసినా పెట్టుకునే చోటు లేదు. పైగా హరితరేణువు లోపలి పొరల్లో గంధకం ఉన్న ఒక కొవ్వు పదార్థం కూడా ఉంటుంది, దాన్ని 1959లో ఆండ్రూ బెన్సన్, ఆయన సహచరులు వెలుగులోకి తెచ్చారు.

ఇనుము పోస్తే ఎందుకు పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది. గుత్తి కట్టడానికి ఇనుము ఒక్కటే చాలదు, జతగా గంధకం ఉండాలి.

నత్రజని సంగతి ఇంకా విచిత్రం. నైట్రేటును అమోనియాగా మార్చే దారిలో నైట్రైట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది సల్ఫైట్ రిడక్టేజ్‌కు దాయాది. ఇద్దరికీ ఇనుము-గంధకం గుత్తి కావాలి, ఇద్దరూ ఫెర్రిడాక్సిన్ దగ్గరే ఆరు ఎలక్ట్రాన్లు తీసుకుంటారు. గంధకం లేని మొక్కకు నైట్రేటు ఎంత పోసినా ప్రోటీన్‌గా మారక ఆకులోనే నిలవ ఉండిపోతుంది. ఆకుల నమూనాను ప్రయోగశాలకు పంపితే నత్రజని 4.6 శాతం, గంధకం 0.13 శాతం అని వచ్చింది. నిష్పత్తి 35. మొక్క ప్రోటీన్‌లో ఆ నిష్పత్తి సుమారు 15 ఉంటుంది. మొక్క ఆకలితో ఉందని నత్రజని పెంచుతూ పోయాం, దాని పళ్లెంలో అన్నం నిండుగానే ఉంది.

హోటలు వాళ్ల మాట నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆవాల కుటుంబపు ఘాటు గ్లూకోసినొలేట్లు అనే పదార్థాల నుంచి వస్తుంది. ఆకు నమిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైమ్ వాటిని విరగ్గొడితే ముక్కుకెక్కే ఐసోథయోసయనేట్లు విడుదలవుతాయి. ఒక్కో గ్లూకోసినొలేట్‌లో కనీసం రెండు గంధకం పరమాణువులుంటాయి. గంధకం కరవు వచ్చినప్పుడు మొక్క ముందు ఈ ఖర్చును ఆపేస్తుంది, ఉన్న నిల్వలను కూడా విరిచి వాడుకుంటుంది. బతకడానికి ఘాటు అవసరం లేదు, ప్రోటీన్ అవసరం. కాబట్టి రుచి ముందు పోయింది, రంగు తర్వాత పోయింది. మా మీటర్లన్నిటికంటే మూడు వారాల ముందే ఆ వంటవాడి నాలుక విషయం పసిగట్టింది.

అయినా మొత్తం తొట్టిని ఒకేసారి మార్చలేదు. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు నాలుగు తీసుకున్నాం. మొదటి దానిలో ఉన్న ద్రావణమే. రెండో దానిలో అదనంగా ఇనుము. మూడో దానిలో మెగ్నీషియం నైట్రేటు బదులు మెగ్నీషియం సల్ఫేటు, 5 గ్రాములు. నాలుగో దానిలో మెగ్నీషియం నైట్రేటును అలాగే ఉంచి, పొటాష్‌లో కొంత భాగాన్ని సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌గా మార్చాను, మూడున్నర గ్రాములు. మూడో బకెట్ ఒక్కటే పచ్చబడితే భేది ఉప్పులో మెగ్నీషియం వల్ల అనే వాదన మిగిలిపోతుంది. మూడు, నాలుగు రెండూ పచ్చబడితే వాటిలో ఉమ్మడిగా ఉన్నది సల్ఫేటు ఒక్కటే. ఒక్కో బకెట్‌లో పాలిపోయిన లెట్యూస్ మొక్కలు నాలుగు, అరుగులా నాలుగు పెట్టి గాలి పంపు తగిలించాం.

అయిదో రోజుకు మూడో, నాలుగో బకెట్లలో కొత్తగా విప్పుకున్న ఆకుల మొదళ్లు పచ్చబడ్డాయి. రంగు కాడ దగ్గర మొదలై అంచుకు పాకింది. తొమ్మిదో రోజుకు ఆ రెండు బకెట్లకు, మొదటి రెండింటికి తేడా పది అడుగుల దూరం నుంచి తెలిసింది. గంధకం కరవు పడిన వేర్లు సల్ఫేటును లోపలికి లాగే రవాణా ప్రోటీన్లను ముందే పెంచుకుని ఉంటాయి. అందుకే పెట్టిన వెంటనే అంత త్వరగా అందుకుంటాయి.

మధ్యలో యజమాని ఒక సూచన చేశారు. "అన్ని మందుల షాపుల్లో గంధకం పొడి దొరుకుతుంది, బూడిద తెగులుకు కొడతాం కదా, అదే తొట్టిలో వేస్తే సరిపోదా?" అన్నారు. పొలంలో అయితే ఆ గంధకాన్ని నేలలోని బాక్టీరియా కొన్ని వారాల్లో సల్ఫేటుగా మార్చిపెడతాయి. తొట్టిలో ఆ పని సరిగా జరగదు. పొడి కరగదు, ఫిల్టర్లు మూసుకుంటాయి. "వద్దన్నా, మొక్క తాగగలిగిన రూపంలోనే ఇద్దాం" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఇది పాలీహౌస్‌లకే పరిమితమైన కథ కాదు. మా నాన్న కాలంలో వేరుశనగకు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేసేవారు. భాస్వరం కోసమే వేసేవారు, కానీ అందులో పదకొండు శాతం గంధకం కూడా ఉండేది. అమ్మోనియం సల్ఫేటులో నత్రజని కోసం వెళితే 23 శాతం దాకా గంధకం వెంట వచ్చేది. డీఏపీ, యూరియా వచ్చాక ఆ రెండూ వెనకబడ్డాయి. గంధకం పిలవకుండా వచ్చే చుట్టంలా ఉండేది కాబట్టి, రావడం మానేస్తే ఎవరికీ తెలియలేదు. ఐరోపాలో అయితే గాలి శుభ్రపడి పొగ గొట్టాల గంధకం ఆగిపోయాక ఆవజాతి నూనె పంటల్లో ఇదే పసుపు బయటపడింది. ఏ ఎరువు మార్చినా దాని పేరులో మనం చదవని రెండో సగం ఏమి మోసుకొస్తోందో అడగాలని నేను ప్రతి తోటలోనూ పోరు పెడుతూ ఉంటాను.

తోటలో చేసిన సవరణ చిన్నది. రెండో డ్రమ్ము కొన్నారు, చోటు కోసం ఖాళీ సంచుల కుప్ప జరిపారు. కాల్షియం నైట్రేటు, ఇనుము కీలేట్ ఒకదానిలో. భేది ఉప్పు, ఫాస్ఫేటు, పొటాష్, మిగతా సూక్ష్మధాతువులు రెండోదానిలో. వెయ్యి లీటర్ల తొట్టికి లెక్క 250 గ్రాముల భేది ఉప్పు. పెంచిన కాల్షియం నైట్రేటును పాత మోతాదుకు దించాం. ఆర్ఓ నీటిని ఉంచాం, ఎందుకంటే దానిలో లోపం లేదు.

అప్పటికే పసుపెక్కిన ఆకులు పూర్తిగా కోలుకోలేదు. ఆ లెట్యూస్‌ను కోసి తీసేశారు, ఒక విడత అమ్మకం పోయింది. కొత్త విడత పన్నెండో రోజు నేను వెళ్లాను. ఎరువుల గది ఆమె అరుగులా ఆకు ఒకటి తుంచి ముందు తాను నమిలింది, కళ్లు చెమ్మగిల్లి నవ్వింది, తర్వాత నాకొకటి ఇచ్చింది. ముక్కుకెక్కింది.

ఇప్పుడు ప్రతి సోమవారం ఆమె తొట్టిలోని నీటిని చిన్న సీసాలో పట్టి, తేదీ రాసి, అరలో ఉంచుతుంది. బేరియం పరీక్ష నేను వెళ్లినప్పుడు చేస్తాను. గత నాలుగు సీసాలూ తెల్లబడ్డాయి.